లైకులు బోలెడు... చందాలేవీ?

తెర వెనక లెక్కలు (ప్రతివారం)

ఈ వారం మన శీర్షికలో హీరో లేడు. హీరోయిన్ అసలే లేదు. పాటలూ, ఫైట్లూ, విదేశాల్లో షూటింగులూ ఏవీ లేవు. అయినా కథలో పట్టుంది, సస్పెన్సుంది, మూడు నెలల్లో తేలిపోయే క్లైమాక్సు కూడా ఉంది. కథానాయకులు నలుగురు కుర్రాళ్ళు. గోదావరి జిల్లాల్లో ఒక మోస్తరు ఊరు. ఇద్దరు ప్రైవేటు స్కూల్లో మాస్టర్లు, ఒకడు ఎలక్ట్రికల్ షాపులో లెక్కలు రాస్తాడు, నాలుగోవాడు ఇంకా డిగ్రీ చదువుతున్నాడు. నలుగురికీ ఉన్న ఒకే ఒక్క జబ్బు సినిమా! మామూలు జబ్బు కాదు లెండి, ముదిరిన జబ్బు.

వీళ్ళు ఏడాది కిందట ఊళ్ళో ఒక ఫిలిం క్లబ్బు పెట్టారు. నెలకు 150 రూపాయలు చందా. రెండో ఆదివారం ఒక సినిమా, నాలుగో ఆదివారం ఒక సినిమా. పాత తెలుగు మేలిమి చిత్రాలు, బెంగాలీవి, మలయాళంవి, అప్పుడప్పుడూ ఇరానుదో జపానుదో ఒకటి. ఆట అయ్యాక అరగంట మాటామంతీ, టీ. హక్కులున్న వాళ్ళ దగ్గర అనుమతి తీసుకునే వేస్తున్నామని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు. మెచ్చుకోవలసిన విషయమే! ఓటీటీకి మనం కట్టే చందా మన ఇంట్లో చూసుకోవడానికి గానీ, హాలు తీసుకుని పదిమందికీ వెయ్యడానికి కాదని చాలామందికి తెలియదు.

ఇంతకీ గోలేమిటంటే, క్లబ్బు మునిగిపోతోంది. ఫోన్‌లో వాళ్ళ పేజీని అనుసరిస్తున్నవాళ్ళు 8,200 మంది. చందా కడుతున్నవాళ్ళు మాత్రం 63 మంది! 'అన్నా, ఇంకా బాగా రీల్సు చెయ్యడం ఎలాగో చెప్పండి. మూడు నెలలు చూస్తాం, అప్పటికీ గట్టెక్కకపోతే మూసేస్తాం' అని ముగించారు.

తమ్ముళ్ళూ! రీల్సు సంగతి నన్నడక్కండి. ఆ విద్య మీకే బాగా వచ్చినట్టుంది. నేను చెప్పబోయేది వేరే సంగతి. అది మీ నలుగురికే కాదు. ఊళ్ళో చిన్న లైబ్రరీ నడిపేవాళ్ళకీ, చిన్న పత్రిక నడిపేవాళ్ళకీ, నెలవారీ టిఫిన్ క్యారేజీలు పంపేవాళ్ళకీ, నెలనెలా చందా మీద బతికే ఎవరికైనా పనికొచ్చేదే.

అసలు లోటెంత?

ముందు కన్నీళ్ళు తుడుచుకుని పలకా బలపం తీయండి. మీరు రాసిన లెక్కే తీసుకుందాం. ఫంక్షన్ హాలు మేడమీది గదికి నెలకు 6,000. ప్రొజెక్టరు, సౌండుకి అద్దె 3,000. రెండు సినిమాల అనుమతి రుసుము 4,000. మొత్తం 13,000. అరవై ముగ్గురు నూటయాభై చొప్పున కడితే వచ్చేది 9,450. లోటు 3,550. దాన్ని నలుగురూ జేబులోంచి పెట్టుకుంటున్నారు. టీ ఖర్చు అదనం.

పదమూడు వేలు రావాలంటే ఎంతమంది కావాలి? 87 మంది. అంటే ఇంకో 24 మంది చాలు! ఎనిమిది వేల రెండు వందల మంది 'అభిమానులు' ఉన్నవాళ్ళకి కావలసింది 24 మంది. వింటే ఇంతేనా అనిపిస్తుంది గదా?

కాస్త ఆగండి. నెలకు ఆరుగురు మానేస్తున్నారని కూడా మీరే రాశారు. ఉద్యోగం వచ్చి హైదరాబాదు పోయినవాడు, పెళ్ళయి కాపురానికి పోయిన అమ్మాయి, 'పని ఉంది బాస్' అని తప్పుకున్నవాడు. చందా వ్యాపారం అంటే అడుగున చిల్లున్న బిందె. పైన పోస్తూనే ఉండాలి, కింద కారుతూనే ఉంటుంది. పదిమందిలో ఒకరు చొప్పున పోతున్నారనుకుంటే, మీకు నెలకు 15 మంది కొత్తవాళ్ళు కావాలి. మొదటి నెల 15 వచ్చి 6 పోతే 72. రెండో నెల 15 వచ్చి 7 పోతే 80. మూడో నెల 15 వచ్చి 8 పోతే... అక్షరాలా 87! ఇదీ మీ క్లైమాక్సు. నెలకు 15 మంది, మూడు నెలలు.

ఇంకో లెక్క. నెలకు పదిమందిలో ఒకరు మానేస్తున్నారంటే, సగటున ఒక సభ్యుడు మీ దగ్గర పది నెలలు ఉంటాడన్న మాట. అంటే గుమ్మంలోకి వచ్చిన ఒక్కో మనిషి విలువ 150 కాదు, 1,500 రూపాయలు. ఈ సంఖ్యని గోడమీద రాసి పెట్టుకోండి. కొత్త మనిషి కోసం ఎంత ఖర్చు పెట్టొచ్చో, ఎంత పెట్టకూడదో ఇదే చెబుతుంది. మీరు పోయిన నెల ఒక రీలుకి 2,000 రూపాయలు కట్టి 'బూస్టు' చేశారు. నలభై ఒక్క వేలమంది చూశారు. చేరింది ఇద్దరు. మనిషికి వెయ్యి! 1,500లో వెయ్యి వాళ్ళకే పోతే ఇక మీకేం మిగిలింది, తమ్ముళ్ళూ?

లైకు కొట్టినవాడు ఎక్కడున్నాడు?

మీ వీడియో చూసి 'సూపర్ బ్రో' అన్నవాళ్ళలో ఒకడు దుబాయిలో ఉన్నాడు, ఒకడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇంకొకడు కరీంనగర్‌లో ఉన్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ సినిమా పిచ్చోళ్ళే. కానీ ఆదివారం సాయంత్రం ఆరింటికి మీ మేడమెట్లు ఎక్కి రాలేరు! అక్కడ కొట్టే లైకుకి కాణీ ఖర్చు లేదు. చందాకి నూటయాభై రూపాయలూ, రెండు ఆదివారాలూ ఖర్చు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు.

పైగా ఆ పేజీ మీది కాదు. మీరు పెట్టిన కబురు మీ 8,200 మందికీ చేరుతుందన్న పూచీ లేదు. ఎవరికి చూపించాలో, ఎవరికి దాచాలో ఆ కంపెనీ ఇష్టం. ఇవాళ ఒక పద్ధతి, రేపు ఇంకో పద్ధతి. పరాయివాడి అరుగు మీద దుకాణం పెట్టినట్టే. పెట్టొద్దని నేననడం లేదు, కానీ అదొక్కటే దుకాణం అనుకుంటే కష్టం.

మరి ఎక్కడ వెతకాలి? సినిమా చూపించి చందా పుచ్చుకునే వ్యాపారం ఇవాళ్టిది కాదు. దాని చరిత్రలోనే జవాబులున్నాయి. ఫోన్లు లేని కాలంలో కూడా చందాదార్లు దొరికారు మరి!

365 ఇళ్ళతో మొదలు

హెచ్‌బీవో పేరు వినని కుర్రకారు ఉండరు. అది మొదలైన రాత్రి ఎలా ఉందో తెలుసా? 1972 నవంబర్ 8. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో విల్క్స్-బారీ అనే చిన్న ఊరు. ఆ రాత్రి ప్రసారం అందుకున్న ఇళ్ళు 365. అంతే! ఒక హాకీ ఆట, దాని తర్వాత ఒక సినిమా. వీళ్ళు ఆ ఊళ్ళో ఒంటరిగా ఇంటింటికీ తిరగలేదు. అక్కడ అప్పటికే ఇళ్ళకు కేబుల్ తీగలు లాగి, నెలనెలా డబ్బు వసూలు చేసుకుంటున్న స్థానిక కంపెనీ ద్వారా వెళ్ళారు. జనానికి హెచ్‌బీవో ఎవరో తెలియదు, కేబుల్ ఆయన తెలుసు. తెలిసిన చెయ్యి పట్టుకుని తెలియని సరుకు లోపలికి వచ్చింది.

ఇప్పుడు మీ ఊళ్ళోకి రండి. నెలనెలా ఇంటింటికీ వెళ్ళే చేతులు ఎన్ని? కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్ ఆయన. పేపరు ఏజెంటు. పాలాయన. మంచినీళ్ళ క్యాను వేసే కుర్రాడు. వీళ్ళలో ఒక్కరితో మాట్లాడారా? 'మీ రసీదుతో పాటు మా కార్డు ఒకటి ఇవ్వండి. ఆ కార్డు తెచ్చి చేరినవాళ్ళ తాలూకు యాభై రూపాయలు మీకు' అంటే వద్దనేవాడెవడు? మనిషికి యాభై! మీ రీలుకైతే వెయ్యి అయింది.

ఇది చిన్నవాళ్ళ ఎత్తు అనుకునేరు. 2023 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ అంతటి కంపెనీ కూడా జియో ప్రీపెయిడ్ రీచార్జిలో కలిసి మన ఇళ్ళల్లోకి వచ్చింది. అంత పేరున్నవాడే పక్కవాడి బండి ఎక్కుతుంటే, మనకి నామోషీ దేనికి?

ఒక్క హెచ్చరిక. అలా పక్కవాడి బండిలో వచ్చినవాడు మీ కోసం వచ్చినవాడు కాదు, బండితో పాటు వచ్చినవాడు. మొదటి ఆటకి మనసు పట్టకపోతే రెండో ఆటకి కనబడడు. అందుకే కొత్తవాళ్ళు వచ్చే ఆదివారం ఏ సినిమా వెయ్యాలో రెండుసార్లు ఆలోచించండి. మొదటి పరిచయానికే మూడు గంటల మౌనచిత్రం వేస్తే మనిషి మళ్ళీ చచ్చినా రాడు!

పెట్టెలో చీటీ

ఇంకో ముచ్చట. నెట్‌ఫ్లిక్స్ 1998 ఏప్రిల్‌లో తలుపులు తెరిచినప్పుడు అది పోస్టులో డీవీడీలు అద్దెకు పంపే కంపెనీ. అప్పటికి అమెరికాలో డీవీడీ ప్లేయరు ఉన్న ఇల్లు అరుదు. దేశమంతా ప్రకటనలు గుప్పిస్తే ఏం లాభం, ప్లేయరే లేనివాడికి డీవీడీ ఎందుకు? వాళ్ళేం చేశారంటే, ప్లేయర్లు తయారుచేసే కంపెనీలతో మాట్లాడుకుని, కొత్త ప్లేయరు అట్టపెట్టెలోనే ఒక చీటీ పెట్టించారు. 'ఇదిగో, ఉచితంగా డీవీడీలు తెప్పించుకోండి' అని. నెలవారీ చందా పద్ధతి ఆ తర్వాత, 1999లో వచ్చింది. మెషీను కొనుక్కుని 'ఇందులో ఏం వెయ్యాలిరా బాబూ' అనుకుంటున్న క్షణంలో చేతికి చీటీ అందింది. ఆ డీవీడీల వ్యాపారం 2023 సెప్టెంబరు దాకా, పాతికేళ్ళు నడిచింది సుమండీ!

అంటే మీరు వేసుకోవలసిన ప్రశ్న 'ఎంతమందికి తెలిసింది?' అని కాదు. 'మనకి కావలసిన మనిషి, మన అవసరం పుట్టిన క్షణంలో, ఎక్కడ నిలబడి ఉంటాడు?' అని.

మీ ఊళ్ళో అలాంటి చోట్లు నేను చెప్పనా? ఒక మంచి సినిమా ఆడుతున్న థియేటర్ దగ్గర ఆట వదిలాక టీ కొట్టు. జనం ఇంకా ఆ సినిమా గురించే వాదించుకుంటూ ఉంటారు. అక్కడ మీలో ఒకడు కరపత్రాలతో ఉండాలి. శాఖా గ్రంథాలయంలో రోజూ వచ్చి పేపర్లు చదివే పెద్దలు. రిటైరైన మాస్టార్లు, బ్యాంకువాళ్ళు. ఈ పాత సినిమాలు కుర్రతనంలో నేల టిక్కెట్టులో చూసినవాళ్ళు వాళ్ళే! వాళ్ళకి ఆదివారం సాయంత్రం కాలక్షేపం కావాలి, మాట్లాడే మనిషి కావాలి, నూటయాభై బరువు కాదు. కొత్తగా బదిలీ మీద ఊరికి వచ్చిన ఉద్యోగులు. ఊళ్ళో ఎవరూ తెలియక లాడ్జి గదిలో ఫోను చూసుకుంటూ పడుకునేవాళ్ళు. సంగీతం మాస్టారి దగ్గరికి, నాట్యం టీచరు దగ్గరికి పిల్లల్ని తెచ్చి గంటసేపు బయట కూర్చునే తల్లిదండ్రులు. వీళ్ళల్లో ఒక్కరైనా మీ రీల్సు చూశారా? నాకైతే అనుమానమే.

తలుపు రెండుసార్లు తట్టినవాళ్ళు

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన కథ. సినిమాది కాదు, పేపరుది. 1996లో దైనిక్ భాస్కర్ అనే హిందీ దినపత్రిక జైపూర్‌లో అడుగు పెట్టదలిచింది. అక్కడ రాజస్థాన్ పత్రిక మహావృక్షంలా పాతుకుపోయి ఉంది. భాస్కర్ వాళ్ళు ఏం చేశారు? ఏడు వందల మందిని పెట్టి దాదాపు రెండు లక్షల ఇళ్ళ తలుపులు తట్టించారు. పేపరు అమ్మడానికి కాదు! 'మీరు చదివే పేపరులో మీకేం లోటు కనబడుతోంది? మీకు ఎలాంటి పేపరు కావాలి?' అని అడగడానికి. అడిగి, రాసుకుని, వెళ్ళిపోయారు.

తర్వాత అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్ళారు. 'మీరు చెప్పిన మాటలతో పేపరు ఇలా తయారుచేశాం, చూడండి' అని నమూనా చేతికిచ్చారు. కొట్లో రెండు రూపాయల పేపరు ముందే చందా కట్టినవాళ్ళకి రూపాయిన్నర. నచ్చకపోతే డబ్బు వాపసు. 1996 డిసెంబరులో మొదటి రోజునే లక్షా డెబ్బైరెండు వేల పైచిలుకు ప్రతులతో ఊళ్ళో మొదటి స్థానంలో నిలబడింది!

ఇందులో కిటుకు ఎక్కడుందో చూశారా? మొదటి తట్టులో అమ్మకం లేదు. అమ్మడానికి వచ్చినవాణ్ణి చూస్తే ఎవడైనా తలుపు వేసుకుంటాడు. అభిప్రాయం అడగడానికి వచ్చినవాడికి మంచినీళ్ళు కూడా ఇస్తారు మన తెలుగు ఇళ్ళల్లో. రెండోసారి వెళ్ళినప్పుడు మీరు కొత్తవాళ్ళు కారు. వాళ్ళు చెప్పిన మాట గుర్తుపెట్టుకుని వచ్చినవాళ్ళు.

మీకు రెండు లక్షల ఇళ్ళు అక్కర్లేదు. మీ హాలు చుట్టూ నడిచి రాగలిగినంత దూరంలో రెండు వందల ఇళ్ళు చాలు. నలుగురు ఉన్నారు. ఆదివారం ఉదయం ఒక్కొక్కరు పాతిక ఇళ్ళు. రెండు ఆదివారాల్లో రెండు వందలు పూర్తి. ఒకే ప్రశ్న: 'హాల్లో పదిమందితో కలిసి మళ్ళీ చూడాలని మీకు ఏ సినిమా మీద ఉందండీ?' జవాబు రాసుకోండి. ఎక్కువమంది చెప్పిన సినిమాకి అనుమతి సంపాదించండి. మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళండి: 'పిన్నిగారూ, మీరు చెప్పిన సినిమా ఈ ఆదివారం వేస్తున్నాం. ఇదిగో మీకూ బాబాయిగారికీ అతిథి కార్డులు.' రాకుండా ఎలా ఉంటారో నేనూ చూస్తాను!

కొంచెం తెర తీసి చూపించాలి

ఉచితంగా చూపిస్తే విలువ పోతుందేమో అన్నారు ఉత్తరంలో. దానికీ ఒక కథ ఉంది. ఫ్రాన్సులో 1984 నవంబర్ 4న కనాల్ ప్లస్ అనే చందా ఛానెల్ మొదలైంది. చందా కట్టి డబ్బా తెచ్చుకోనివాళ్ళకి బొమ్మ చెదిరిపోయి కనబడుతుంది. కానీ రోజులో కొంతసేపు మాత్రం ఎవరైనా చూసేలా తెరిచి ఉంచేవాళ్ళు. మిఠాయి కొట్టు గాజు బీరువా అనుకోండి. దుకాణం అంతా ఊరికే ఇవ్వలేదు, అద్దం మాత్రం పెట్టారు.

మీరూ అంతే. ఆటంతా ఉచితం అనకండి. మూడు నెలలకొకసారి ఒక ఆట అందరికీ తెరవండి. కాలేజీ వాళ్ళతో మాట్లాడుకుని వాళ్ళ సెమినారు హాల్లో ఒక చిన్న సినిమా, తర్వాత మీ మాటామంతీ పెట్టండి. మీ అసలు సరుకు సినిమా ఒక్కటే కాదు. సినిమా అందరి ఫోన్లలోనూ ఉంది. ఆట అయ్యాక జరిగే ఆ అరగంట వాదన ఉందే, అది ఏ యాప్‌లోనూ దొరకదు. కరపత్రం మీద కూడా అదే రాయండి.

చౌక బేరం చేటు

ఇక జాగ్రత్త చెప్పాలి. 'చందా యాభై చేసేస్తే జనం విరగబడి వస్తారు' అని మీలో ఒకడు అన్నాడట. ఆ తమ్ముడు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

అమెరికాలో మూవీపాస్ అని ఒక కంపెనీ 2011లో పుట్టింది. 2017 ఆగస్టులో చందా అమాంతం తగ్గించి నెలకు 9 డాలర్ల 95 సెంట్లు చేసింది. రోజుకొక సినిమా చూడొచ్చు! ఇంకేం, 2018 వేసవికల్లా ముప్ఫై లక్షలమంది చేరారు. ఆహా అనుకున్నారు అందరూ. కానీ థియేటర్లకి మూవీపాస్ ప్రతి టిక్కెట్టుకీ పూర్తి ధర కట్టాలి. అక్కడ ఒక్క టిక్కెట్టే దాదాపు తొమ్మిది డాలర్లు. చందాదారుడు నెలకి రెండు సినిమాలు చూస్తే చాలు, కంపెనీకి నష్టం. అంటే కొత్త చందాదారుడు చేరిన కొద్దీ గొయ్యి లోతవుతోంది! 2019 సెప్టెంబరులో మూతపడింది. వ్యవస్థాపకుల్లో ఒకాయన తర్వాత మళ్ళీ తెరిచాడనుకోండి, అది వేరే లెక్క.

అదే 2018లో ఏఎంసీ అనే థియేటర్ల సంస్థ 19 డాలర్ల 95 సెంట్లకు వారానికి మూడు సినిమాలు అంది. సొంత హాళ్ళు, సొంత కుర్చీలు. మన దేశంలో పీవీఆర్ ఐనాక్స్ 2023 అక్టోబరులో 'పాస్‌పోర్ట్' అని 699 రూపాయలకి నెలకు పది సినిమాలు పెట్టింది. మొదట్లో దక్షిణాది రాష్ట్రాలను పక్కన పెట్టింది గానీ, షరతు గమనించండి: సోమవారం నుంచి గురువారం వరకే! ఎందుకని? ఆ రోజుల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి గనక. ఖాళీగా పోయే కుర్చీని చౌకగా ఇస్తే నష్టం లేదు. డబ్బు పెట్టి కొన్న దాన్ని చౌకగా ఇస్తేనే నష్టం.

మీ హాల్లో 120 కుర్చీలున్నాయి. 63 నిండుతున్నాయి. మిగతా 57 కుర్చీలకీ అద్దె మీరు కట్టేశారు. అందువల్ల అతిథిని కూర్చోబెడితే మీకు అయ్యేది ఒక కప్పు టీ ఖర్చే. చందా తగ్గించకండి, కుర్చీ చూపించండి.

సభ్యుడే ఏజెంటు

మన దేశంలో ఫిలిం సొసైటీలు ఇవాళ్టివి కావు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వగైరా మిత్రులు కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టారు. ఆ రాయ్‌గారే 1959లో ఏర్పడిన ఫిలిం సొసైటీల సమాఖ్యకు తొలి అధ్యక్షుడు. మన హైదరాబాదులో ఫిలిం క్లబ్బు 1974 నాటిది. రీల్సు లేని కాలంలో సొసైటీలకి పెద్ద ప్రచారం ఒక సభ్యుడి నోటిమాటే.

కనుక మీ 63 మందికీ తలో రెండు అతిథి కార్డులు ఇవ్వండి. కార్డు మీద తెచ్చిన సభ్యుడి పేరు రాయండి. ఆ అతిథి చేరితే తెచ్చినవాడికి ఒక నెల చందా మాఫీ. 1,500 తెచ్చే మనిషికి 150 మాఫీ చెయ్యడం మంచి బేరమే. మానేసినవాళ్ళకి కూడా ఒక్కసారి ఫోన్ చేసి 'ఎందుకు మానేశారండీ?' అని మర్యాదగా అడగండి. బతిమాలకండి, వాదించకండి, వినండి చాలు. వాళ్ళ జవాబులో మీ బిందె చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఇది కాస్త గట్టిగానే అంటున్నాను. మీ 63 మందిలో ఆడవాళ్ళు నలుగురని రాశారు. రాసి, దాని గురించి ఇంకేమీ అనలేదు. ఊళ్ళో సగం జనాభా మీ గుమ్మం దాకా రాకపోతే, అది రీల్సు లోపమా? ఆట ఆరింటికి మొదలై, వాదన ముగిసేసరికి తొమ్మిదిన్నర. మేడమెట్ల దగ్గర లైటు ఉందా? స్త్రీలకు మరుగుదొడ్డి ఉందా? తిరిగి వెళ్ళడానికి ఆటో దొరుకుతుందా? మీ నలుగురికీ అక్కచెల్లెళ్ళున్నారు గదా, వాళ్ళు ఎన్నిసార్లు వచ్చారు? ముందు ఇంట్లో అక్కయ్యని అడగండి. ఆమె చెప్పిన మూడు కారణాలు సరిచేయండి. నెలలో ఒక ఆట మధ్యాహ్నం మూడింటికి మార్చి చూడండి. మీకు కావలసిన 15 మందిలో చాలామంది అక్కడే ఉన్నారని నా నమ్మకం.

మరి ఫోను మాటేమిటి?

పారెయ్యమనడం లేదు. దాని పని మార్చమంటున్నాను. చేరినవాళ్ళకి 'ఆదివారం ఆరింటికి ఆట' అని గుర్తు చెయ్యడానికి అది చక్కటి గంట. కొత్తవాళ్ళని వెతకడానికి కాళ్ళూ, నోరూ వాడండి.

ఇక ఒక నోట్‌బుక్కు కొనండి. చేరిన ప్రతి మనిషి పేరు ఎదురుగా 'మా సంగతి ఎలా తెలిసింది?' అని ఒక గడి. కేబుల్ ఆయన కార్డా, టీ కొట్టు కరపత్రమా, గ్రంథాలయమా, సభ్యుడి అతిథా, రీలా? ఒక నెల తిరిగేసరికి ఏ దారిన ఎంతమంది వచ్చారో, మనిషికి ఎంత ఖర్చయిందో మీ కళ్ళముందుంటుంది. మనుషులు వస్తున్న దారికి ఇంకొంచెం డబ్బు, శ్రమ పెట్టండి. రాని దారిని మానెయ్యండి. ఆ గడిలో రీలే గెలిస్తే రీలే చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు!

మూడు నెలలు ఇలా చేశాక కూడా 87 రాకపోతే? మూసెయ్యక్కర్లేదు. నెలకు రెండు ఆటల బదులు ఒకటే వేసి చందా వంద చెయ్యండి. హాలు, ప్రొజెక్టరు, అనుమతి ఖర్చు సగానికి వస్తే 6,500. అరవై అయిదు మంది ఉంటే సరిపోతుంది. చిన్న క్లబ్బు పెద్ద క్లబ్బు కన్నా తక్కువేం కాదు. నలుగురు మాస్టర్లూ గుమాస్తాలూ జేబులోంచి నెలనెలా 3,550 పెట్టుకోవడం మాత్రం వెంటనే ఆగాలి. అప్పుల్లో పడి సినిమాని ద్వేషించే పరిస్థితి మీకు రాకూడదు.

పాఠకులారా! మీ ఊళ్ళోనూ ఇలాంటి క్లబ్బో, లైబ్రరీయో, చిన్న పత్రికో ఉంటే, దాంట్లో మీరు మొదటిసారి ఎలా అడుగు పెట్టారో ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. ఎవరు చెప్పారు, ఎక్కడ విన్నారు, ఎందుకు చేరారు అన్నవే. వచ్చినవాటిలో మంచివి ఈ శీర్షికలోనే వేసుకుందాం. గోదావరి తమ్ముళ్ళు కూడా మొదటి నెల నోట్‌బుక్కు పేజీ నకలు పంపుతామని మాట ఇవ్వాలి. 15 దాటిందో లేదో మాకందరికీ తెలియాలి గదా మరి!